పెరుగు గిన్నెలో మందుందా?

పిల్లాడు రాత్రంతా గోక్కుంటూనే ఉంటాడు. ‘పులుపు తగలనివ్వకే, దురద ముదురుతుంది’ అంటుంది మామ్మ. ‘పెరుగులోని మంచి బ్యాక్టీరియా ఎలర్జీకి మందట, రెండు పూటలా పెట్టు’ అంటుంది పక్కింటి పిన్ని. ఇద్దరి మధ్యా తల్లి! ఇంతకీ ఎవరి మాట వినాలి? పాతికేళ్లుగా ఇదే ప్రశ్నని పట్టుకుని ప్రపంచమంతా జరిగిన పరిశోధనలు ఏం తేల్చాయి?

గోదావరి జిల్లాల్లో విస్తరి ముందు కూర్చున్న మనిషికి పప్పు, కూర, పులుసు అన్నీ వడ్డించి చివర్లో పెరుగు వెయ్యకపోతే ఆ భోజనం లెక్కలోకి రాదు. గేదెపాల గడ్డపెరుగు మీగడతో సహా పడితేనే వడ్డన పూర్తయినట్టు. పెరుగొక్కటేనా... పొద్దున్నే పొలానికెళ్లే రైతుకి మజ్జిగలో నానిన చద్దన్నం, నంజుకోవడానికో ఉల్లిపాయ. పాలకొల్లు, నరసాపురం వైపు పొద్దుటి టిఫినుకి మందపాటి దిబ్బరొట్టె. పెళ్లి భోజనంలో ఆవడలు. ఎండాకాలం వస్తే మజ్జిగలో ఊరి, డాబాల మీద ఎండే చల్లమిరపకాయలు. పాతకాలం ఇళ్లలో అయితే వంటింటి మూల తరవాణి కుండ. డెల్టా వంటల రుచిలో కంటికి కనిపించని సూక్ష్మజీవుల వాటా చాలానే ఉంది.

ఈ జీవులే ఇప్పుడు మరో విధంగా వార్తల్లోకెక్కాయి. పులియబెట్టిన ఆహారంలో ఉండే కొన్ని రకాల బ్యాక్టీరియా ఎలర్జీ వల్ల వచ్చే చర్మవ్యాధిని, ముఖ్యంగా పసిపిల్లల్లో కనిపించే ఎగ్జిమాని తగ్గిస్తుందా అన్నది వైద్యశాస్త్రం పట్టుదలగా వెతుకుతున్న విషయం. మందుల షాపుల్లో ‘ప్రోబయోటిక్’ పేరుతో పొట్లాలూ, గొట్టం మాత్రలూ, చుక్కలూ దొరుకుతున్నాయి. కొనేముందు అసలు సంగతి తెలుసుకోవడం మంచిది కదా!

కుండలో ఏం జరుగుతుంది?

గోరువెచ్చటి పాలలో చెంచాడు పెరుగు తోడు పెడతాం. ఆ చెంచాడులో కోట్లకొద్దీ లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా ఉంటుంది. అది పాలలోని లాక్టోజ్ అనే చక్కెరని తిని లాక్టిక్ ఆమ్లాన్ని వదులుతుంది. ఆ పులుపుకి పాలలోని మాంసకృత్తు గడ్డకడుతుంది. అదే పెరుగు. వెచ్చదనం ఉంటే బ్యాక్టీరియా చురుగ్గా పెరుగుతుంది కాబట్టే వేసవిలో నాలుగైదు గంటల్లో తోడుకునే పాలు, సంక్రాంతి చలికి తెల్లారినా కదులుతూనే ఉంటాయి.

తరవాణిదీ దాదాపు అదే కథ. గంజీ, మిగిలిన అన్నం, నీళ్లూ మట్టికుండలో వేసి ఉంచితే బియ్యంలోని పిండిపదార్థం ఆధారంగా బ్యాక్టీరియా పెరిగి ఆ నీళ్లు పుల్లబడతాయి. పైనుంచి తేట వంచుకుని ఉప్పు వేసుకు తాగేవాళ్లు. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో వేసవి దాహానికి అదే చల్లటి పానీయం. పారేయాల్సిన గంజి మరో పూటకి పనికొచ్చేది.

ఇడ్లీపిండి పొంగడానికి ముఖ్య కారణం ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ అనే బ్యాక్టీరియా అని 1965లో వెలువడిన ఓ అధ్యయనం చూపించింది. మినప్పప్పుతోనూ బియ్యంతోనూ పాటు వచ్చే ఆ జీవి, నానబెట్టిన నీళ్లలో పెరిగి పిండిలో గాలి నింపుతుంది. ఇక్కడో సంగతి గమనించాలి. ఆవిరి మీద ఉడికేసరికి ఇడ్లీలోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది. పెనమెక్కిన అట్టుదీ, మూకుడెక్కిన దిబ్బరొట్టెదీ అదే గతి. మరిగించిన మజ్జిగపులుసులోనూ అంతే. పులియడం వల్ల తేలిగ్గా అరగడం, రుచి, కొన్ని విటమిన్లు పెరగడం వంటి లాభాలు మిగులుతాయి కానీ బతికున్న బ్యాక్టీరియా మాత్రం మిగలదు. ఆవకాయకైతే పులియడంతో పెద్దగా పనే లేదు. ఉప్పు, ఆవపిండి, కారం, నూనె కలిసి సూక్ష్మజీవుల్ని పెరగనివ్వవు. కాబట్టి ప్రాణంతో ఉన్న బ్యాక్టీరియా మన కడుపులోకి చేరేది ప్రధానంగా పెరుగు, చల్ల, చద్దన్నం, తరవాణి నుంచే.

‘తగినంత మోతాదులో తీసుకున్నప్పుడు మనిషి ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులే ప్రోబయోటిక్స్’ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణులు 2001లో నిర్వచించారు. అంటే మూడు షరతులు. బతికుండాలి, తగినంత ఉండాలి, మేలు చేస్తుందని రుజువవ్వాలి. మూడోదే అసలు చిక్కు.

గట్టు తెగిన చర్మం

ఎగ్జిమాని పల్లెల్లో చాలామంది ‘తామర’ అనేస్తారు. ఫంగస్ వల్ల గుండ్రంగా పాకే మచ్చనీ తామరే అంటారు. పేరొకటే అయినా జబ్బులు రెండు. ఒకదాని మందు రెండోదానికి పనికిరాదు సరికదా, చెడు కూడా చేస్తుంది. డాక్టర్లు ‘అటోపిక్ డెర్మటైటిస్’ అనే ఎగ్జిమా సాధారణంగా పసితనంలోనే మొదలవుతుంది. నెలల పిల్లల్లో బుగ్గల మీద ఎర్రగా, గరుకుగా కనిపిస్తుంది. కాస్త పెద్దయ్యాక మోచేతుల మడతల్లో, మోకాళ్ల వెనక తిష్ఠ వేస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసమో, తుమ్ముల ఎలర్జీయో ఉంటే పిల్లలకి ఇది వచ్చే అవకాశం ఎక్కువ. ఇది అంటువ్యాధి కాదు. చాలామందిలో వయసుతోపాటు తగ్గుముఖం పడుతుంది.

దీని మూలం ఎక్కడుంది? గోదావరికి ఏటిగట్టు ఎలాగో శరీరానికి చర్మం అలాగ. 1986 ఆగస్టు వరదల్లో గట్లకి గండ్లు పడి ఊళ్లు మునిగిన సంగతి డెల్టా వాళ్లకి చెప్పక్కర్లేదు. గట్టు గట్టిగా ఉన్నంతకాలం ఏరు ఎంత పొంగినా ఊరికి భయం లేదు. ఎగ్జిమా ఉన్న పిల్లల్లో చాలామందికి ఆ గట్టే బలహీనం. చర్మం పైపొరని కట్టుదిట్టంగా ఉంచే ఫిలాగ్రిన్ అనే మాంసకృత్తు తయారీకి ఒక జన్యువు ఉంది. దానిలోని లోపాలకీ ఎగ్జిమాకీ సంబంధం ఉందని 2006లో స్కాట్లాండ్‌లోని డండీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు, వారి సహచరులు కనుక్కున్నారు. గట్టు బీటలిస్తే లోపలి తడి బయటికి పోతుంది, బయటి దుమ్మూ ధూళీ లోపలికొస్తాయి. వాటిని చూసి రోగనిరోధక వ్యవస్థ కత్తి దూస్తుంది. ఫలితం వాపు, ఎరుపు, ఆగని దురద. గోకితే గండి ఇంకా పెద్దదవుతుంది.

ఆ గండిలోంచి చొరబడే వాళ్లలో ముఖ్యుడు స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. ఎగ్జిమా రోగుల్లో దాదాపు 70 శాతం మందికి పుండు పడిన చోట ఇది స్థిరపడి ఉంటుందని 2016లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన ఓ విశ్లేషణ తేల్చింది.

కడుపుకీ చర్మానికీ చుట్టరికం

ఒంటి మీద దురదకీ కడుపులోని పెరుగుకీ లంకె ఏంటని అనుమానం రావచ్చు. మన రోగనిరోధక కణాల్లో చాలా భాగం పేగుల చుట్టూనే కాపురం ఉంటాయి. రోజూ లోపలికొచ్చే తిండినీ, సూక్ష్మజీవుల్నీ చూస్తూ ‘ఇది మనది, అది పరాయిది’ అని నేర్చుకునే బడి అది. పుట్టిన మొదటి నెలల్లో ఆ బడిలో పాఠాలు చెప్పేది బ్యాక్టీరియాయే. పాఠాలు సరిగ్గా పడితే పల్లీనీ, పాలనీ, దుమ్మునీ చూసి రోగనిరోధక వ్యవస్థ ఉలిక్కిపడదు. పడకపోతే ప్రతిదానికీ తిరగబడుతుంది. ఎలర్జీ అంటే ఇదే.

1989లో డేవిడ్ స్ట్రాకన్ అనే బ్రిటిష్ వైద్య పరిశోధకుడు 1958లో పుట్టిన 17,414 మంది వివరాలు పరిశీలించారు. తన పైన అన్నలూ అక్కలూ ఎక్కువమంది ఉన్న పిల్లలకి తుమ్ముల ఎలర్జీ తక్కువగా ఉన్నట్టు ఆయనకి కనిపించింది. ఇంటినిండా పిల్లలుంటే ఒకరి నుంచి ఒకరికి క్రిములు చేరతాయి, వాటితో చిన్నప్పుడే పరిచయమైతే ఎలర్జీలు తగ్గుతాయేమోనని ఊహించారు. ‘పరిశుభ్రత సిద్ధాంతం’గా పేరొచ్చింది దానికి. తర్వాత శాస్త్రవేత్తలు దాన్ని కొంత మార్చారు. కావలసింది మురికీ రోగాలూ కాదు, రకరకాల హానిలేని సూక్ష్మజీవుల సావాసం అన్నారు.

ఆ సావాసం ఇప్పుడు తగ్గుతోంది. ఉమ్మడి కుటుంబాలు పోయాయి. చిన్న జలుబుకీ యాంటీబయాటిక్ మింగడం అలవాటైంది. సహజ కాన్పులో బిడ్డకి తల్లి నుంచి అందే తొలి బ్యాక్టీరియా, సిజేరియన్‌లో వేరుగా ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. అవసరమైనప్పుడు ఆ ఆపరేషన్ రెండు ప్రాణాల్ని నిలబెడుతుంది. అవసరం లేనప్పుడు మాత్రం బిడ్డ కడుపులోని తొలి అతిథులు మారిపోతారన్నది గుర్తుంచుకోవాల్సిన సంగతి.

ఫిన్లాండ్‌లో ఆశ... జర్మనీలో నిరాశ

పులిసిన పాలలోని బ్యాక్టీరియా ఆరోగ్యాన్నిస్తుందన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1908లో నోబెల్ అందుకున్న రష్యన్ శాస్త్రవేత్త ఎలీ మెచ్నికాఫ్, పులిసిన పాలు తాగేవాళ్లు ఎక్కువకాలం బతుకుతారని నమ్మాడు, తానూ తాగాడు. ఆ నమ్మకాన్ని ఎలర్జీ మీద పరీక్షకి పెట్టింది మాత్రం ఫిన్లాండ్ వాళ్లు.

టుర్కు నగరంలోని పరిశోధకులు ఎలర్జీ చరిత్ర ఉన్న కుటుంబాల గర్భిణుల్ని ఎంచుకున్నారు. నెలలు నిండుతుండగా కొందరికి లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ అనే బ్యాక్టీరియా, మరికొందరికి ఏ మందూ లేని ఉత్తుత్తి మాత్రలూ ఇచ్చారు. కాన్పయ్యాక ఆర్నెల్లు కొనసాగించారు. పిల్లలకి రెండేళ్లు నిండాక చూస్తే ఉత్తుత్తి మాత్రల జట్టులో 46 శాతం మందికి ఎగ్జిమా వచ్చింది. బ్యాక్టీరియా తీసుకున్న జట్టులో 23 శాతానికే! సరిగ్గా సగం. 2001లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఈ ఫలితం వైద్యలోకాన్ని ఊపేసింది. నాలుగేళ్లు వచ్చాక చూసినా తేడా నిలబడే ఉంది.

అదే బ్యాక్టీరియాతో జర్మనీలో మళ్లీ పరీక్షించారు. 2008లో ఫలితం వచ్చింది. మందు తీసుకున్న జట్టులో 28 శాతం, తీసుకోని జట్టులో 27.3 శాతం. అంటే లాభం సున్నా! అదే ఏడు న్యూజిలాండ్ వాళ్లు రెండు రకాల బ్యాక్టీరియాని పక్కపక్కన పెట్టి చూశారు. లాక్టోబాసిల్లస్ రామ్నోసస్‌లోనే హెచ్ఎన్001 అనే వంగడం ఎగ్జిమాని సగానికి తగ్గించింది. రెండోది, బిఫిడోబ్యాక్టీరియం రకం, ఏమీ చెయ్యలేకపోయింది.

ఇవన్నీ రాకముందే ఆపే ప్రయత్నాలు. మరి వచ్చిన ఎగ్జిమాని తగ్గించగలదా? కాక్రేన్ సంస్థ 2018లో 39 పరీక్షల్నీ, వాటిలో పాల్గొన్న 2,599 మంది వివరాల్నీ కలిపి విశ్లేషించింది. ప్రస్తుతం దొరుకుతున్న ప్రోబయోటిక్స్ వల్ల దురద, నిద్రలేమి వంటి బాధల్లో రోగికి తెలిసేంత తేడా బహుశా ఉండదని తేల్చింది. నివారణ విషయంలో మాత్రం తలుపు పూర్తిగా మూసుకోలేదు. ఎలర్జీ ముప్పు ఎక్కువగా ఉన్న కుటుంబాల్లో గర్భిణులకీ, పాలిచ్చే తల్లులకీ, పసికందులకీ ప్రోబయోటిక్స్ ఇవ్వొచ్చని ప్రపంచ ఎలర్జీ సంస్థ 2015లో సూచించింది. అయితే ఆధారాలు చాలా బలహీనమైనవేనని ఆ సూచనలోనే చెప్పింది.

భీమవరం బిడ్డ... అదే బ్యాక్టీరియా!

ఈ కథలో గోదావరి గడ్డకి ఓ చక్కటి చుట్టరికం ఉంది. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, రాజమండ్రి బడిలో చదివి, మద్రాసులో వైద్యం నేర్చి అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు తెలియని తెలుగువాళ్లు తక్కువ. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన అన్నదమ్ములిద్దర్ని పొట్టన పెట్టుకుంది. ఆ జబ్బే తనకీ సోకితే ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నారు.

1940లో ఆయన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో చేరారు. అక్కడ ఆయన నడిపించిన పరిశోధనల్లో ఒకటి, రక్తహీనతని తగ్గించే ఓ అంతుచిక్కని విటమిన్ కోసం వేట. దాన్ని కంటితో చూడలేరు, తూచలేరు. ఉందో లేదో చెప్పేదెవరు? ఆ సాక్ష్యం చెప్పింది ఒక బ్యాక్టీరియా! పేరు లాక్టోబాసిల్లస్ కేసీ. ఆ విటమిన్ అందకపోతే అది పెరగదు. పరీక్షనాళికలో ఎంత దట్టంగా పెరిగితే విటమిన్ అంత ఉన్నట్టు. అందుకే దాన్ని మొదట్లో ‘ఎల్. కేసీ ఫ్యాక్టర్’ అనే పిలిచారు. 1945లో ఆ బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అదే ఫోలిక్ యాసిడ్. స్ప్రూ రోగుల రక్తహీనతకీ అదే మందయింది. ఇవాళ ప్రతి గర్భిణి చేతిలోనూ ప్రభుత్వం పెట్టే ఐరన్ మాత్రలో ఉండేదీ అదే.

ఆ తర్వాత శాస్త్రవేత్తలు బ్యాక్టీరియా వంశవృక్షాల్ని తిరగరాశారు. ఫోలిక్ యాసిడ్ పరీక్షకి ప్రామాణికంగా వాడే ‘కేసీ’ వంగడాన్ని ఇప్పుడు రామ్నోసస్ అనే జాతి కింద చేర్చారు. అంటే ఫిన్లాండ్‌లో పసిపిల్లల ఎగ్జిమాని సగానికి తగ్గించినట్టు కనిపించిన జీవికి ఇది సొంత జాతిదే. వంగడాలు మాత్రం వేరు.

సుబ్బారావు పర్యవేక్షణలోని ప్రయోగశాలల్లోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కనుక్కున్నారు. 1948లో లోకానికి వెల్లడైన ఆ మందుతోనే టెట్రాసైక్లిన్ల కుటుంబం మొదలైంది. లెక్కలేనన్ని ప్రాణాల్ని కాపాడిన యాంటీబయాటిక్స్, అతిగా వాడితే కడుపులోని మంచి బ్యాక్టీరియానీ ఊడ్చేస్తాయి. మందు ఎంత గొప్పదైనా అవసరమైన చోటే వాడాలన్న నీతి అందులోనే ఉంది.

అన్ని పెరుగులూ ఒకటేనా?

స్వర్ణ, బొండాలు రెండూ వరే. అయినా ఏ చేలో ఏది వెయ్యాలో, దేనికి ఎంత ఎరువో డెల్టా రైతుకి తెలుసు. బ్యాక్టీరియాలోనూ వంగడాల తేడా అంతే. న్యూజిలాండ్ పరీక్ష చెప్పిన పాఠం అదే. ఒక వంగడం పనిచేసిందని దాని తోబుట్టువు కూడా పనిచేస్తుందన్న హామీ లేదు. ఇంట్లో తోడుపెట్టే పెరుగులో ఏ వంగడాలున్నాయో, ఎన్నున్నాయో ఇల్లిల్లుకీ మారుతుంది. పక్కింటి నుంచి తోడు తెచ్చుకున్న రోజు మన గిన్నెలో జనాభా మారిపోతుంది. కాబట్టి ఫిన్లాండ్ లెక్కల్ని మన పెరుగుకి అంటగట్టలేం.

సరైన వంగడం, సరైన వయసు, సరైన జబ్బు కుదిరితే ఫలితం ఎలా ఉంటుందో పొరుగునున్న ఒడిశా చూపించింది. అక్కడి పల్లెల్లో పుట్టిన 4,556 మంది శిశువులతో ఓ పెద్ద పరీక్ష జరిగింది. ఎంపిక చేసిన ఒక లాక్టోబాసిల్లస్ ప్లాంటారం వంగడాన్ని, దానికి ఆహారమయ్యే ఒక చక్కెరతో కలిపి, వారం రోజులు ఇచ్చారు. రక్తం విషమయ్యే సెప్సిస్, మరణం కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయి. నేచర్ పత్రికలో 2017లో వచ్చిందీ ఫలితం. అయితే అది సెప్సిస్‌కి సంబంధించినది. ఎగ్జిమాకి దాన్ని ముడిపెట్టకూడదు.

షాపులో కొనే పొట్లాల సంగతికొస్తే, మన దేశంలో ఇవ్వాల్సిన కనీస మోతాదు రోజుకి 10 కోట్ల సజీవ బ్యాక్టీరియా అని ఆహార భద్రత ప్రమాణాల సంస్థ నిబంధన పెట్టింది. జాతిపేరుతోపాటు వంగడం పేరు కూడా లేబుల్ మీద ఉండాలని భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం 2011లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. వంగడం పేరు లేని డబ్బా అంటే విత్తనం పేరు లేని బస్తా లాంటిదే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకి, రోగనిరోధకశక్తి బాగా తగ్గినవాళ్లకి డాక్టరు చెప్పకుండా వీటిని ఇవ్వకూడదు. నెలలు నిండని శిశువుల విషయంలో అమెరికా ఔషధ సంస్థ 2023లో హెచ్చరిక కూడా జారీచేసింది.

ఒంటికి పూస్తే?

దురద పెట్టే చోట పెరుగు రాయడం, తరవాణి నీళ్లతో కడగడం కొన్ని ఇళ్లలో ఉంది. చల్లగా తగిలేసరికి కాసేపు హాయిగా ఉండొచ్చు. కానీ చిట్లిన చర్మానికి ఇంటి పులుపు మందని రుజువు చేసిన పరీక్షలేవీ లేవు. పైగా పులుపు మంట పెడుతుంది. ఇంకో ప్రమాదమూ ఉంది. ఆహారం నోటి ద్వారా పరిచయమైతే శరీరం దాన్ని స్నేహితుడనుకుంటుంది, పగిలిన చర్మం ద్వారా పరిచయమైతే శత్రువనుకునే అవకాశముంది. పల్లీనూనె కలిసిన క్రీములు పూసిన పసిపిల్లల్లో పల్లీల ఎలర్జీ ఎక్కువగా కనిపించిందని 2003లో బ్రిటన్‌లో గమనించారు. ఎర్రబడిన చర్మం మీద సున్నిపిండితో గట్టిగా నలుగు పెట్టడం కూడా మంచిది కాదు. అసలే బలహీనంగా ఉన్న గట్టుని పారతో గీకినట్టవుతుంది.

కోనసీమ వాళ్లు సంతోషించే మాట కూడా ఒకటుంది. ఫిలిప్పీన్స్‌లో 117 మంది ఎగ్జిమా పిల్లల మీద జరిపిన ఓ పరీక్షలో, ఎనిమిది వారాలు వర్జిన్ కొబ్బరినూనె రాసిన పిల్లలకి మినరల్ ఆయిల్ రాసిన పిల్లలకంటే బాగా తగ్గింది. 2014లో వచ్చిన ఈ పరీక్ష చిన్నదే. అయినా చర్మానికి తడి నిలపడం ఎంత ముఖ్యమో చెబుతోంది. నిజానికి ఎగ్జిమా వైద్యానికి పునాదే అది. స్నానం చేయించి తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ దండిగా రాయడం, రోజుకి రెండుసార్లు, తగ్గినా మానకుండా.

ఎర్రబడినప్పుడు డాక్టర్లు స్టెరాయిడ్ క్రీము రాస్తారు. చెప్పినన్ని రోజులు, చెప్పిన చోట రాస్తే భయం లేదు. షాపులో అడిగి కొనుక్కుని నెలలకొద్దీ రాసుకుంటేనే ముప్పు. డెల్టా ఉక్కపోతలో ఫంగస్ తామర ఎక్కువ. దాని మీద స్టెరాయిడ్ రాస్తే మొదట దురద తగ్గినట్టుంటుంది, లోపల ఫంగస్ పాకిపోతుంది. ఈ దుర్వినియోగం చూసే కేంద్రం 2018లో స్టెరాయిడ్ క్రీముల్ని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలో చేర్చింది. ఏ తామరో తేల్చుకోకుండా ఏ గొట్టమూ పిండకూడదు.

తల్లులు గుర్తుంచుకోవాల్సినవి

* ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే. పెరుగూ, తరవాణీ ఏదీ వద్దు. ఆ తర్వాత అన్నంలో తాజా పెరుగు కలిపి కొద్దికొద్దిగా అలవాటు చెయ్యొచ్చు.

* పాలు తాగిన కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు, ఆయాసం వస్తే పాల ఎలర్జీ కావచ్చు. అలాంటి పిల్లలకి పెరుగు కూడా పడదు. పాలు తోడుకున్నంత మాత్రాన ఎలర్జీ కలిగించే మాంసకృత్తులు పోవు. పాలు తాగితే కడుపుబ్బరం మాత్రమే ఉంటే అది వేరు. వాళ్లకి పెరుగు తేలిగ్గా అరుగుతుంది.

* వంకాయ, గోంగూర, చేప, గుడ్డు, పెరుగు... అన్నీ మాన్పించి పిల్లల్ని ఎండగట్టొద్దు. ఫలానాది తింటే పెరుగుతోందని పదేపదే తేలితేనే, డాక్టరుతో మాట్లాడి, దాన్నొక్కదాన్నే ఆపాలి. అనవసరపు పత్యం పిల్లల ఎదుగుదలని దెబ్బతీస్తుంది.

* బ్యాక్టీరియా బతికి ఉండాలంటే పెరుగుని పొగలు కక్కే అన్నంలో కలపకూడదు. అన్నం చల్లారాక కలపాలి.

* చద్దన్నానికి వేడి తగ్గిన అన్నాన్ని వెంటనే నీళ్లలోనో మజ్జిగలోనో వెయ్యాలి. గంటల తరబడి ఉత్తినే వదిలేస్తే వాంతులు, విరేచనాలు తెచ్చే బ్యాసిలస్ సీరియస్ పెరుగుతుంది. తరవాణి కుండకి కాచి చల్లార్చిన నీళ్లు వాడితే మేలు.

* పుండు మీద పసుపుపచ్చ పొక్కులు కట్టినా, చీము కారినా, జ్వరం వచ్చినా ఇంటి చిట్కాలు ఆపి అదే రోజు డాక్టరు దగ్గరికెళ్లాలి.

* ప్రోబయోటిక్ మొదలుపెట్టామని మాయిశ్చరైజర్, డాక్టరిచ్చిన క్రీము మానెయ్యకూడదు. ఎగ్జిమా మళ్లీ విజృంభించడానికి పెద్ద కారణాల్లో మధ్యలో వైద్యం మానెయ్యడం ఒకటి.

మామ్మ మాటా, పిన్ని మాటా

పులుపు తగిలితే దురద ముదురుతుందన్న మామ్మ మాట పిల్లలందరికీ వర్తించదు. పెరుగే మందన్న పిన్ని మాటకీ ఆధారం చాలదు. పెరుగు మంచి ఆహారం. మాంసకృత్తులు, కాల్షియం ఇస్తుంది, అరుగుదలకి సాయపడుతుంది. ఎలర్జీ లేని పిల్లాడికి రోజూ పెట్టడానికి ఆ కారణాలు చాలు. కడుపులోకి వెళ్లిన ఆ బ్యాక్టీరియా చర్మాన్ని నయం చేస్తుందా అన్న ప్రశ్నకి జవాబు వంగడం వారీగా ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

ఈలోగా, మామూలు క్రీములకి లొంగని మొండి ఎగ్జిమాకి డాక్టర్లు వాడే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే ఈ కోవ మందుల్ని తయారుచేసిందీ లెడర్లీలోని సుబ్బారావు బృందమే. మొదట్లో అవి రక్తక్యాన్సర్ పిల్లల కోసం. బ్రిటన్, ఐర్లాండ్‌లలో తీవ్రమైన ఎగ్జిమా ఉన్న 103 మంది పిల్లల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. సైక్లోస్పోరిన్ అనే మందు త్వరగా పనిచేసింది. మెథోట్రెక్సేట్ మాత్రం ఆపేశాక కూడా జబ్బుని ఎక్కువకాలం అదుపులో ఉంచింది. నిపుణుల పర్యవేక్షణలో, రక్తపరీక్షలు చేస్తూ వాడాల్సిన గట్టి మందు ఇది. దాని దుష్ఫలితాలు తగ్గించడానికి తోడుగా ఇచ్చే మాత్ర ఏమిటో తెలుసా? ఫోలిక్ యాసిడే!

భీమవరంలో పుట్టిన ఓ మనిషి 1948 ఆగస్టులో కన్నుమూసే నాటికి లోకానికి ఇచ్చి వెళ్లిన రెండు మందులు, ఇవాళ ఎక్కడో నిద్రలేని ఒక పిల్లాడి దురదని ఆపుతున్నాయి. ఆ దారి చూపింది పరీక్షనాళికలో పెరిగిన పెరుగు జాతి బ్యాక్టీరియా. అది ఉందని నమ్మి ఊరుకోకుండా, ఏళ్ల తరబడి కొలిచి, తూచి, రుజువు చేసుకున్నాకే అది మందయింది. మన పెరుగు గిన్నెకీ అదే పరీక్ష. అందులో నెగ్గేదాకా పెరుగుని విస్తట్లోనే ఉంచి, చర్మం సంగతి డాక్టరుకి వదిలెయ్యడం మేలు.